రెండో గడిలో వేలిముద్ర

తమిళం నడిచే ఊళ్లో, నెల్లితోపు మార్కెట్టు వెనక ఉన్న ఒక సర్కారు బడిలో నర్సు తిలగానిది పందొమ్మిదేళ్ల సర్వీసు. మోకాలు చీరుకున్న పిల్లకు దూదీ మందూ, ఆకలితో కడుపు పట్టుకుని వచ్చిన వాడికి ముందు రెండు బిస్కెట్లు, ఆ తరవాతే మాత్ర. ఈ పద్ధతి ఆమె ఎవరినీ అడగకుండా ఇన్నేళ్లూ నడిపించింది.

ఆ ఏడు జూన్‌లో సర్క్యులర్ దిగింది. ఇకమీదట బడిలో చేసే వైద్యం ఖర్చును బడే బీమా పథకం నుంచి రాబట్టుకోవాలి. దూదికి వేరే డబ్బులు రావు. పిల్లకు కార్డుండాలి, జబ్బుకొక నంబరుండాలి, తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మూడూ ఉంటే బిల్లు పాసవుతుంది, లేకపోతే పిల్ల తిప్పలు పిల్లవి.

హెడ్మాస్టరు చెల్లప్పన్ ఆ కాగితం రెండుసార్లు చదివి, పిల్లల్ని కొత్త కళ్లతో చూడడం మొదలుపెట్టాడు. ప్రార్థన కాగానే "కడుపునొప్పి ఎవరికి? చెయ్యెత్తండి" అనేవాడు. చేతులు తక్కువ లేస్తే ఆయన మొహం చిన్నబోయేది. కడుపునొప్పికి నంబరుంది, చెవిపోటుకుంది, తామరకూ ఉంది. ఆకలికి మాత్రం లేదు. తిలగం జాబితా అంతా వెతికింది. మరి బిస్కెట్లు దేనికింద రాయాలని అడిగితే, "కాస్త ముదరనీమ్మా, నీరసానికి నంబరుంది" అన్నాడు పెద్దమనిషి.

అయితే ఆ పథకం పుణ్యమా అని ఒక మంచి కూడా జరిగింది. బిల్లుల డబ్బుతో గురువారం గురువారం కళైసెల్వి అనే మాటలు నేర్పే టీచరు రాసాగింది. రెండో తరగతి కీర్తికి పుట్టుకతోనే చెవులు సరిగా వినపడవు. ఈ ఏడే చెవికి మిషను పెట్టారు. ఎనిమిది వారాల్లో, వెనకనుంచి పిలిస్తే పిల్ల తల తిప్పడం నేర్చుకుంది. ఇప్పటికే ఏడేళ్లొచ్చాయి, ఇంకా ఆలస్యమైతే నోరు తిరగదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ పిల్ల తల్లి ఆండాళమ్మ మార్కెట్టు ఊడుస్తుంది.

సమ్మతికి మాత్రం మొదట్లో మూడు నెలల గడువిచ్చారు. ఆ ఫారం పిల్ల మాతృభాషలోనే ఉండాలని రూలు. రిజిస్టరు ప్రకారం బడిలో ముప్పై ఇద్దరు తెలుగు పిల్లలు. పథకం ఆఫీసరు అబ్బులు రెండు నెలల కిందటే యానాం నుంచి బదిలీ మీద వచ్చాడు. ఇంతమంది మనవాళ్లా అని మురిసిపోయి, ముప్పై రెండు ఫారాలు చక్కని తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించాడు. ఇక్కడి తెలుగిళ్లలో తెలుగు తిట్టుకోవడానికీ, ముద్దు చేయడానికీ, చేపలు బేరమాడడానికీ ఉంది. చదవడమంటూ వస్తే అది తమిళమే. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

తల్లులంతా ఫారాలు పట్టుకుని నర్సు గదికొచ్చారు.

"నర్సక్కా, ఏంది రాసుండారు ఇందులో? కైనాట్టు యాడ పెట్టాల?" అంది ఆండాళమ్మ బొటనవేలు చూపిస్తూ.

తిలగానిదీ అలాంటి తెలుగిల్లే. కాగితం వంక చూసింది. గుండ్రంగా ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కటీ తెలియలేదు. ఒంటిమీద తెల్లకోటు, చుట్టూ ముప్పైమంది ఆడవాళ్లు. నాకు చదవడం రాదనడానికి నోరు రాలేదు. కాగితం అడుగున రెండు గడులున్నాయి. రెండో దాంట్లో చోటు ఎక్కువ కనిపించింది.

"రెండోదాంట్లో పెట్టండి. యాడైనా ఒకటే" అంది ధీమాగా. ముప్పై రెండు వేళ్లూ అక్కడే పడ్డాయి.

మూడు వారాలకు జవాబొచ్చింది. 'నా బిడ్డకు బడిలో ఏ వైద్యమూ వద్దు' అన్న గడిలో ముప్పై ఇద్దరూ వేలిముద్ర వేశారట. వాళ్లకు సేవలు బంద్. "ముప్పై రెండు కడుపులమ్మా!" అని చెల్లప్పన్ తల పట్టుకున్నాడు. ఆ గురువారం కళైసెల్వి జాబితా చూసి తరవాతి పిల్లను పిలిచింది. కీర్తి చెవి మిషను సర్దుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. ఎందుకు పిలవలేదో ఆ పిల్లకు తెలియదు. తిలగానికి తెలుసు. తల కొట్టేసినట్టయింది ఆమెకు.

మర్నాడే తిలగం అబ్బులు ఆఫీసుకు పోయింది.

"మనవాళ్లని ముచ్చటపడి అచ్చేయించానండి. అందరూ వద్దనేశారేంటండీ?" అన్నాడాయన నొచ్చుకుంటూ.

"తెలీక పెట్టేసినారు సార్. కొత్త ఫారాలు ఈయండి."

"ఒకసారి వద్దన్నాక ఏడాది ఆగాలండి. ఎంత, ఇంకో పదకొండు నెలలే కదండీ!"

"ఆ పిల్లకి అన్నినాళ్లు ఆగేదానికి లేదు సార్."

ఆయన రూల్సు పుస్తకం తిరగేశాడు. దారి ఒక్కటే ఉంది. బడి సిబ్బందే తప్పుదారి పట్టించామని రాసిస్తే ఆ ఫారాలు చెల్లవు. "కానీ ఎవరు రాసిస్తారండీ? మెమో వస్తుంది. హెడ్ నర్సు ప్రమోషన్ లిస్టులో మీ పేరుంది కూడానూ. ఊరుకోండమ్మా."

తిలగం ఊరుకోలేదు. అక్కడే బల్లమీద కూర్చుని తమిళంలో ఒక పేజీ రాసిచ్చింది. అబ్బులు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"ఇందులో ఏం రాశారండీ?"

రాసింది చాలలేదు, ఆఫీసంతా వింటుండగా పైకి చెప్పాల్సి వచ్చింది. "నాకు తెలుగు సదివేదానికి రాదు సార్. వచ్చినట్టు నటించి తప్పు గడి చూపించినాను. ఈ ఊళ్లో మాలో ఎవురికీ రాదు."

అబ్బులు ఆ కాగితం మీద ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. అడగకుండా అచ్చేయించిన ఆఫీసరుకు మెమో ఇవ్వడానికి ఫారం ఎక్కడా లేదు. నర్సుకు ఉంది. సోమవారానికల్లా మెమో వచ్చేసింది, ప్రమోషన్ లిస్టులోంచి పేరూ పోయింది.

కొత్త ఫారాలు కూడా తెలుగులోనే వచ్చాయి, రూలు రూలే. ఈసారి అబ్బులు స్వయంగా వచ్చి, పైనుంచి కిందిదాకా చదివి వినిపించాడు. ఆ తరవాత తిలగం లేచి, జరిగింది తల్లులందరి ముందూ చెప్పింది. మెమోకు లేని భయం ఆమెకు అప్పుడేసింది.

ఆండాళమ్మ చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది.

"అంటే నా బిడ్డికి వద్దని నా చేత్తోనే పెట్టించినావా?"

"అవునక్కా."

"రాదని ఒక మాట సెప్పుంటే ఏమయ్యుండు?"

"సిగ్గేసిందక్కా."

ఆండాళమ్మ ఆమెనూ చూసింది, కుర్చీలో ఉన్న ఆఫీసరునూ చూసింది. "ఈ సారుకి తమిళం రాదు. నీకు తెలుగు సదివేదానికి రాదు. నాకు రెండూ రావు. అయినా మన ముగ్గురికీ నోరుండాది గదా, ఒకర్నొకరు అడిగుండొచ్చు. మాట రానిది నా బిడ్డి ఒకత్తే. మనం పోయి దానికి వచ్చే మాట ఆపినాం."

అబ్బులు సిరా పెట్టె తెరిచి ఆమె ముందుకు జరిపాడు.