ముందు మీరు చెప్పండి

మధ్యాహ్నంలోపు రేపటి ఆపరేషన్ల వాళ్ళందరికీ ఫోన్ చెయ్యాలి. ఎన్నింటికి రావాలో చెప్పాలి. రాత్రి నుంచి ఏం తినకూడదో, ఏం తినొచ్చో చెప్పాలి. వాయిదా పడ్డవాళ్ళకు కొత్త తేదీ చెప్పి, వాళ్ళ తిట్లు తినాలి. చెవి ఫోను మీద అరిగిపోయిన స్పాంజి మార్పించుకోవాలి. మధ్యలో చెల్లెలికి ఫోన్ చేసి జ్వరం తగ్గిందో లేదో కనుక్కోవాలి. ఇవి కాక పైకి చెప్పుకోలేని పని ఇంకొకటి ఉంది. కొత్త పేజీని చిలక సరిగ్గా చదువుతోందో లేదో తేల్చుకోవాలి.

చిలక అంటే పక్షి కాదు, స్క్రీన్ రీడరు. తెర మీది అక్షరాలను చెవిలో చదివి వినిపించే సాఫ్ట్‌వేరు. ఆస్పత్రి ఫోన్ల గదిలో పనిచేసే ఆ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఉద్యోగమంతా ఆ గొంతు మీదే నడుస్తుంది. రోగులతో అంత ఓపిగ్గా మాట్లాడుతుందని ఆస్పత్రిలో అందరూ ఆమెను ఫోనమ్మ అంటారు. చిలక అన్న పేరు పెట్టింది పక్క కుర్చీలో కూర్చునే వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుని కలుపుకున్న వరస. ఒకరోజు చెవి ఫోను లాక్కుని విని, "ఇదేంటి మరదలా, బాణలిలో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది. ఇందులో నీకు మాటలెక్కడ దొరుకుతాయి?" అంది.

"పెంచుకున్నదాని భాష పెంచుకున్నవాళ్ళకే తెలుస్తుంది వదినా" అంది ఫోనమ్మ.

పాత పేజీతో చిలక ఎన్నడూ పేచీ పెట్టలేదు. వారం కింద ఆస్పత్రివాళ్ళు పేజీ మార్చారు. ఇప్పుడు ఒక రోగి నుంచి ఇంకో రోగికి వెళ్తే పేజీ మొత్తం మారదు, లోపలి వివరాలు మాత్రం చప్పుడు లేకుండా మారిపోతాయి. కళ్ళున్నవాళ్ళకు అది హాయి. చిలకకేమో పేజీని ఒకసారి తన దగ్గర దింపుకుని, ఆ దింపుకున్నదాన్నే చదివే అలవాటు. పైన పేరు మారితే పట్టుకుంటుంది గానీ, కింది వివరాలు మారినట్టు దానికి ఒక్కోసారి తెలియదు, అప్పుడు పాతవే చదువుతూ పోతుంది. మళ్ళీ దింపుకోమని చెప్పడానికి ఒక మీట ఉంది. నొక్కితే మొదటి నుంచి చదవడం మొదలుపెడుతుంది, అంతసేపూ అవతలి మనిషి "హలో, హలో" అంటూ ఉంటాడు. పైగా సూపర్‌వైజరు గోడకు బోర్డు ఒకటి తగిలించాడు. ఎవరు ఫోన్లు త్వరగా ముగిస్తే వాళ్ళ పేరు పైన ఉంటుంది. దాంతో ఫోనమ్మ ఆ మీట నొక్కడం తగ్గించింది. ఆపరేషను దేనికో ముందు రోగి నోటే చెప్పించే పాత అలవాటు కూడా ఆ తొందరలోనే జారిపోయింది.

ఆ పొద్దున ఒక పంతులమ్మగారికి ఫోన్ చేసింది. పైన పేరు సరిగ్గానే వినిపించింది.

"ఎడమ మోకాలి ఆపరేషనుకి పొద్దున ఏడింటికల్లా వచ్చెయ్యాలండీ."

"మోకాలేంటమ్మా? నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నాకు కంట్లో పొర కదా."

ఫోనమ్మ మీట నొక్కింది. చిలక ఏమీ ఎరగనట్టు, అదే గొంతుతో, కంటి పొర, పదకొండు గంటలు, తేలికగా తినొచ్చు అని చదివింది. మోకాలు అంతకుముందు మాట్లాడిన మనిషిది. పేరు మాత్రం కొత్తది, కింది వివరాలన్నీ పాతవి.

పంతులమ్మగారు కాబట్టి ఎదురడిగారు. ఏం చెప్పినా "సరేనమ్మా" అని పెట్టేసేవాళ్ళ మాటేమిటి? పొద్దుటి నుంచి అలాంటివాళ్ళు ఎందరో.

"ఏంటి మరదలా, కాలు కాలిన పిల్లిలా కుర్చీలో అలా మెసులుతున్నావు?" అంది వదిన.

ఫోనమ్మ గొంతు తగ్గించి జరిగింది చెప్పింది.

"సూపర్‌వైజరు చెవిన పడనీకు" అంది వదిన. "నీకంటే ముందు ఈ సీట్లో ఉన్న పెద్దాయన్ని ఏం చేశాడో తెలుసుగా. ఆయనకీ చూపు లేదు. ఒక్క పొరపాటు జరిగిందని గుమ్మం దగ్గర కుర్చీ వేయించి, మీరు ఊరికే కూర్చోండి సార్ అన్నాడు. నెల నెలా జీతం ఇచ్చి మనిషిని ఎండబెట్టేశాడు."

"మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే వదినా. మా అమ్మాయి ఫోన్లోనే ఆపరేషన్లు చేయిస్తుందని మా నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టారని ఆయనకెలా చెప్పను?"

"చెప్పకు. గప్‌చుప్‌గా అందరికీ మళ్ళీ ఫోన్ చెయ్."

చేసింది. ప్రతిసారీ మీట నొక్కి, పూర్తిగా విని, ఆ తర్వాతే నోరు తెరిచింది. చాలామందికి చెప్పింది సరిగ్గానే ఉంది. బేకరీ నడిపే ఒకాయన దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. ఆయనకు హెర్నియా. పూర్తి మత్తు ఇస్తారు, కడుపు ఖాళీగా ఉండాలి. పొద్దున ఆయనకు, అంతకుముందు మాట్లాడిన ఇంకో కంటి పొర రోగి వివరాలే విని, పదకొండుకు రమ్మని, తేలికగా తినొచ్చని చెప్పినట్టు ఆమెకు స్పష్టంగా గుర్తుంది. ఆయన "సరేనమ్మా" అన్నదీ గుర్తుంది. తిన్న కడుపుతో మత్తు ఇస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చని ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్సులు నూరిపోశారు.

ఆయన ఫోను స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. నీళ్ళు తాగి వచ్చి చేసింది. ఆ రోగికి రాసి ఉన్న నంబరు అదొక్కటే.

"తెల్లవారుజామున లేచి రొట్టెలు కాల్చే మనిషి, ఇప్పుడు నిద్రపోతుంటాడు" అంది వదిన. "సాయంత్రం చేద్దువులే."

"సాయంత్రం కూడా ఎత్తకపోతే?"

ఫోనమ్మ చెవి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. గోడ పట్టుకుని సూపర్‌వైజరు గదికి నడిచింది. లోపలికి వెళ్ళాక నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంటే ఆ సాఫ్ట్‌వేరుని నమ్మలేమన్నమాట" అన్నాడాయన.

"నేను నమ్మాను సార్, అదే తప్పు. అడిగి ఖాయం చేసుకోవాల్సింది, తొందరలో మానేశాను."

"మీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది కదమ్మా. కొన్నాళ్ళు గుమ్మం దగ్గర..."

"ఆ సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు ఆపరేషన్ గది నర్సుకి ఫోన్ చెయ్యండి. ఆ బేకరీ ఆయన దొరక్కపోతే, రేపు లోపలికి తీసుకెళ్ళేముందు తిన్నారా అని గట్టిగా అడగమనండి."

కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆయన ఫోను ఎత్తిన చప్పుడైంది.

బేకరీ ఆయన సాయంత్రం కూడా దొరకలేదు. మర్నాడు తన బేకరీ బన్నే తిని మరీ వచ్చాడు. నర్సు అడిగితే, "తినొచ్చని మీ అమ్మాయే కదా చెప్పింది" అని ఎదురు తిరిగాడు. ఆపరేషను వాయిదా పడింది. ఆయన హాలంతా దద్దరిల్లేలా తిట్టి వెళ్ళాడు. గుమ్మం దగ్గర కొత్తగా వేసిన కుర్చీలో కూర్చుని ఫోనమ్మ ఆ తిట్లన్నీ విన్నది.

కంప్యూటర్లు చూసే అతను వచ్చి, తప్పు చిలకది కాదు, తాను మారానని పేజీయే దానికి చెప్పాలి, పేజీ చేసినవాళ్ళు అది రాయలేదు అన్నాడు. సరిచేసి వెళ్ళాడు. వదిన సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, "కిందటి నెల నేనూ ఒకరికి తప్పు తేదీ చెప్పాను సార్. నాకు రెండు కళ్ళూ ఉన్నాయి. మరి నాకు కుర్చీ వెయ్యలేదేం?" అని అడిగింది. ఫోనమ్మ అడిగింది వేరే. ఆపరేషను దేనికో ప్రతి రోగినీ ముందు తానే అడుగుతుంది, ఫోను ఎంతసేపైనా మధ్యలో తొందరపెట్టకూడదు, బోర్డు మీద తన పేరు అట్టడుగున ఉన్నా ఒక్క మాట అనకూడదు. ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఫోన్ల గదిలో సీటు మాత్రం తిరిగి ఇచ్చాడు.

చిలక ఇప్పుడు బాగానే చదువుతోందంటారు. ఫోనమ్మకు మాత్రం ఆ గొంతు వింటే మునుపటి నిశ్చింత లేదు. బేకరీ ఆయన కొత్త తేదీ వచ్చినప్పుడు ఆమే ఫోన్ చేసింది.

"మళ్ళీ మీరేనా?"

"నేనేనండీ. ముందు మీరు చెప్పండి, ఆపరేషను దేనికి?"

"అంటే ఈసారి కూడా మీకు తెలీదా?"

"తెలుసు. అయినా మీ నోటితో వినాలి."

ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. ఆమె మీట నొక్కి, చిలక చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒకటేనని తేల్చుకుని, అప్పుడు టైము చెప్పింది.

మీకూ ఎప్పుడైనా ఏ ఆస్పత్రి నుంచో ఫోన్ వస్తుంది. అవతలి మనిషి మీకు తెలిసిన సంగతే మిమ్మల్ని అడిగి, జవాబు విన్నాక కూడా కాసేపు మాట్లాడకుండా ఉండొచ్చు. పెట్టెయ్యకండి. ఆ కాసేపూ ఫోనమ్మను గుర్తు చేసుకోండి.