గ్లాస్గోలో గోల్‌బజార్ చేప

ఎలీసమ్మ పెళ్ళికి ముందు రెండేళ్ళు గ్లాస్గోలో నర్సు పని నేర్చుకుంది. తిరిగొచ్చి, పుట్టి పెరిగిన ఖరగ్‌పూర్‌లోనే, మలంచా రోడ్డు పక్క ఇంట్లో కాపురం పెట్టాక కూడా గ్లాస్గోని వదల్లేదు. భర్త లూకా గోల్‌బజార్ నుంచి మంచి చేప తెస్తే, "అక్కడి సేప ముందు ఇదేటి సేపండి" అనేది. రైల్వే వర్క్‌షాపు నుంచి తడిసొస్తే, "ఇదీ ఒక వానేనా" అనేది. మొగుడికి సవతి ఉండదు గాని, ఉంటే ఇలాగే ఉంటుందనుకునేవాడు లూకా.

1974లో, అప్పట్లో ఆమెను పంపిన క్రైస్తవ మిషన్ వాళ్ళు పాత నర్సులందరినీ గ్లాస్గో సభకు పిలిచారు. భర్తలనూ రమ్మన్నారు. "నానొచ్చి ఏటి సేస్తాను" అంటూనే లూకా కొత్త కోటు కుట్టించుకున్నాడు.

అక్కడ దేనికీ ఆశ్చర్యపోకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. రాతి మేడలు చూపిస్తే, "మసి పట్టీసినాయి" అన్నాడు. తను ఎక్కి తిరిగిన ట్రాములు ఎప్పుడో తీసేశారని తెలిసి ఎలీసమ్మ రోడ్డు పక్కనే నిలబడిపోయింది. అతనికి జాలేసింది. "పోన్లే, మేడలు బాగానే ఉన్నాయి" అన్నాడు.

మర్నాడు మాకీ అనే దొరసాని టీకి పిలిచింది. ఎలీసమ్మ అప్పట్లో అద్దెకున్నది ఆవిడ ఇంట్లోనే. ముసలావిడ లూకాను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"మీ స్టేషన్ ప్లాట్‌ఫాం ఆ చివర టీ కొనుక్కుంటే, ఈ చివరికి నడిచొచ్చేసరికి చల్లారిపోతుందట. నిజమేనా?"

లూకా భార్య వైపు చూశాడు. ఆవిడ తన కప్పులోకి చూస్తోంది.

"రోజూ ఈ బల్ల దగ్గర ఖరగ్‌పూరే," అంది దొరసాని. "నేను చేప వండితే, గోల్‌బజార్ చేప ముందు ఇదేం చేప అనేది. మా వానను చూసి ఇదీ ఒక వానేనా అనేది."

పదహారేళ్ళ కసి తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. లూకా బిస్కట్టు తిని, మీసం తుడుచుకున్నాడు.

"అది పాత మాట మేడమ్. టీ చల్లారిపోతోందని జనం గోల పెడితే, ఇప్పుడు దారిలో కాచి ఇవ్వడానికి మధ్యలో పొయ్యిలు పెట్టారు."

ఎలీసమ్మకు పొలమారింది. దొరసాని ఆవిడ వీపు తడుతూ, "నీ మాట నేను అప్పుడే నమ్మాను," అంది.

బయటికొచ్చేసరికి వాన తుంపర పడుతోంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు.

"మన ఊరంటే నీకంత ఇదని నాకెప్పుడూ సెప్పలేదేటే?"

"మీరక్కడే ఉన్నారు కదండి. ఉన్నోళ్ళకి ఏటని సెప్తాం?"

లూకా గొడుగు కొంచెం ఆవిడ వైపు వంచాడు.

బసకు వెళ్ళడానికి బస్సు వద్దు, దగ్గర దారి నాకు తెలుసంటూ ఎలీసమ్మ సందులోకి తిప్పింది. నది ఒడ్డు తగిలింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే నది.

"ఇందాక ఇటే వచ్చినామా?" అంది అనుమానంగా.

"లేదు లేదు. ఇది ఏరే నది," అన్నాడు లూకా. "నడు, సూద్దాం. మనకేటి పనుంది."