బొమ్మల వెనక మాటలు

"బొమ్మకి రెండు ముక్కలు రాయడానికి ఇంతసేపా?" అన్నారు మా ఆయన, నా భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగి చూస్తూ. పిల్లల పుస్తకం అది. నలభై రెండు బొమ్మలు. ఒక చెవి పొయ్యి మీది పాలకి అప్పగించి, ఇరవైమూడో బొమ్మ దగ్గర కూర్చున్నాను. "ఒక పిల్ల, ఒక బకెట్ అని రాసి పడెయ్. ఎవడు చూడొచ్చాడు?"

చూడలేనివాళ్ల కోసమే ఆ రాత. ఈ-పుస్తకాలకి కొత్త ప్రమాణాలు వస్తున్నాయి. బొమ్మలో ఏముందో మాటల్లో రాసి, కంటికి కనపడకుండా దాని వెనక పెట్టాలి. చూపు లేనివాళ్లకి ఫోను ఆ మాటల్ని చదివి వినిపిస్తుంది. ఏడాదిలోగా ఆ పని పూర్తవని పుస్తకాలని ఆన్‌లైన్ దుకాణాలు అమ్మకానికి పెట్టవట. మాది మామయ్యగారు పెట్టిన చిన్న ప్రచురణ సంస్థ. అమ్మకమంతా ఆ దుకాణాల్లోనే. అక్కడ కనపడకపోతే తలుపులు మూసుకోవలసిందే. ఎవరి చేత చేయించాలా అని మా ఆయన రెండు రోజులు ఆలోచించి, "నువ్వున్నావుగా, ఎలాగూ ఖాళీయే కదా" అన్నారు. పాపని బడికి దింపి, అత్తయ్య మందులు తెచ్చి, వంట, గిన్నెలు, బట్టలు అయ్యాక మిగిలే ఖాళీ అన్నమాట.

అయినా ఆ పని నాకు నచ్చింది. నా జీవితంలో నన్నెవరూ "నీకేం కనపడుతోంది?" అని అడగలేదు. ఈ పని అదే అడిగేది, బొమ్మ బొమ్మకీ.

మొదటి పుస్తకం పూర్తయ్యాక మా ఆయన దాన్ని మామయ్యగారికి వినిపించారు. నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దిన ఆ కళ్లకి చూపు పోయి అప్పటికి నాలుగేళ్లు. నేను మూల కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. ఫోను చదువుతోంది: "బకెట్ ముందు ఒక పిల్ల కూర్చుంది. ఏడుపు ఇప్పుడే ఆగినట్టుంది. చెంప మీద చార ఇంకా ఆరలేదు."

మామయ్యగారు చెయ్యెత్తి ఆపమన్నారు. "ఒరేయ్, ఇదెవరు రాశార్రా?"

"ఎవరు రాస్తారు నాన్నా? సాఫ్ట్‌వేర్. దానంతటదే వచ్చేస్తుంది."

నా చేతిలో పాప గౌను ఉంది. మా ఆయన నా వైపు చూడలేదు. చూస్తే ఏమైనా అనేదాన్నేమో. తండ్రి ముందు ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యడం ఎందుకులే అనుకున్నాను. ఇల్లు గుట్టుగా నడవాలంటే ఎవరో ఒకరు నోరు కుట్టుకోవాలి కదా. ఆ సూది ఎప్పుడూ నా చేతికే వస్తుంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మామయ్యగారు ఏదో ఒక పుస్తకం వినేవారు. "మీ మిషన్‌కి మంచి కళ్లున్నాయమ్మాయీ" అనేవారు. "మిషన్‌కి అలసట ఉండదు కదూ?" అని ఒకసారి అడిగారు. "ఉండదు మామయ్యగారూ" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి ఊరుకున్నారు. నేను మాత్రం మర్నాటి బొమ్మకి ఇంకొంచెం మంచి మాట వెతుక్కునేదాన్ని. నా రాతకి ఆయనొక్కరే పాఠకుడు. అయినా ఆ మెప్పు నాది కాదు.

వానలు మొదలైన వారానికి నిద్రలోనే పోయారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఆ ప్రమాణాలు రాసే బృందం నుంచి. బొమ్మల వివరణలు ఎలా ఉండాలో నియమాలు రాస్తున్నారట. మా పుస్తకాల్లోవి చాలా బాగున్నాయట. రాసినవారిని వారం వారం జరిగే సమావేశానికి పంపమన్నారు.

"నేను వెళ్తాలే. నువ్వో నాలుగు పాయింట్లు రాసివ్వు" అన్నారు మా ఆయన, చెప్పులేసుకుంటూ.

అత్తయ్య మామయ్యగారి చొక్కాలు ఎవరికైనా ఇచ్చేద్దామని వేరు చేస్తోంది. మా ఆయన వెళ్లాక, తలెత్తకుండానే అంది: "మీ మామయ్యకి తెలుసే."

"ఏం తెలుసు?"

"నువ్వే రాస్తున్నావని. పక్కగదిలో టకటకలు వినపడేవిట. కుక్కర్ కూత వెయ్యగానే ఆగిపోయేవిట. కళ్లు పోయినవాడికి చెవులూ పోతాయా? 'మిషన్ నిట్టూర్చదే' అనేవారు. నిన్ను పిలిచి చెబుతానన్నారు. నేనే వద్దన్నాను. కొడుకు చిన్నబోడూ? ఆయనా సరే అన్నారు."

 మామయ్యగారికి తెలియదనే ఇన్నాళ్లూ ఏడ్చాను. ఆ ఏడుపే తేలిక. తెలియని మనిషి మీద కోపం రాదు. తెలిసీ, రోజూ నా మాటలు విని, "మీ మిషన్" అంటూ నన్ను మెచ్చుకుని, కొడుకు పరువు కోసం నా పేరు మింగేసిన మనిషిని ఎలా తలుచుకోను? అంత మంచివారే! ఈ ఇంట్లో నన్ను నిజంగా చదివిన మనిషి ఆయనొక్కరే. ఆయన కూడా ఇంతే. అడగడానికి ఇప్పుడు మనిషే లేరు. అత్తయ్య చొక్కా మడతపెడుతూనే ఉంది, కాలరు సరిచేసి మరీ.

నేను వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ ఉత్తరానికి జవాబు రాశాను. నాలుగు పాయింట్లు కాదు, రెండే వాక్యాలు. పక్కగదిలో అత్తయ్యకి వినపడేలా పైకి చదివాను:

"ఆ వివరణలు రాసింది నేను. సమావేశానికి నేనే వస్తాను."

కింద నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, పుట్టింటి పేరుతో సహా పెట్టి పంపేశాను.