సున్నాను నమ్మిన తాళం

నా భార్య కాలికి కట్టు వేసి అయిదు వారాలయింది. మంచం దిగరాదని వైద్యుని ఆజ్ఞ. ఇక ఆమె నడిచేదల్లా ఒడిలోని కంప్యూటరులో, ఆన్‌లైన్ ఆటలోనే. అందులో ఆమెకొక గుడిసె ఉంది, పదకొండుమంది స్నేహితురాళ్లున్నారు. ఆనాడు నాలుగు గంటలకు వారందరూ కొండలు దాటే బిడారుతో బయలుదేరాలి. బిడారు ఎవరి కోసమూ ఆగదు.

గుడిసెలోకి ఎవరెవరో జొరబడుతున్నారని ఆమె ఒకసారి విసుక్కున్నది. ఆమె అడగకపోయినా నేనే పూనుకొని, ఆ ఆటకు పనికివచ్చే లువా భాషలో ఇరవై వరుసల ప్లగిన్, అంటే ఆటకు తగిలించే చిన్న ప్రోగ్రాము, రాసి తలుపుకు తాళం అమర్చాను. ముప్పై రెండేళ్లు సి భాషలో ప్రోగ్రాములు రాసినవాడికి అదెంత పని? తాళం పడింది. మళ్లీ తెరుచుకోలేదు. ఆమె లోపలే ఉండిపోయింది.

"ఏవండీ, మూడూ ఇరవై. కంప్యూటర్ల చేత మూడు చెరువుల నీళ్లు తాగించానన్నారుగా! ఈ తలుపు మీ చేతే తాగిస్తోంది."

"కాసేపు మాట్లాడకు."

"మాట్లాడక, లేచి నడవమంటారా?"

తాళం పడితే ఒకటి, తీస్తే సున్నా. అది నేను చేసిన ఏర్పాటు. విలువను తెరపై ముద్రింపజేశాను. సున్నా అనే వచ్చింది. తలుపు మాత్రం కదలలేదు. ఇరవై వరుసలూ అక్షరమక్షరం చదివాను. ఎక్కడా తప్పు లేదు. ప్లగిన్‌ను తీసిపారేస్తే తలుపు తెరుచుకునేదే, కాని ఓటమి ఒప్పుకోబుద్ధి కాలేదు. మూడూ నలభై అయింది.

"అల్లుడికి ఫోన్ చెయ్యండి."

అల్లుడు ఈ భాషతోనే జీవనం చేస్తున్నాడు. అదీ ఒక చదువేనా అని ఒకప్పుడు నలుగురిలో అన్నవాణ్ణి నేను. అతని సహాయం కోరడం నాకు తల కొట్టేసినంత పని. మూడూ యాభై ఆరుకు చేశాను.

"మామయ్యగారూ, షరతు ఏం రాశారు?"

"తాళం ఉంటే తలుపు మూసి ఉంచు."

"ఇప్పుడు విలువ?"

"సున్నా. అంటే లేదు."

"సిలో అయితే సున్నా అంటే లేదనేనండీ. లువాలో ఫాల్స్ అంటే అబద్ధం, నిల్ అంటే అసలు విలువే లేకపోవడం, ఈ రెండే లేనట్టు. సున్నా అయినా ఉన్నట్టే లెక్క. 'తాళం ఒకటైతే' అని రాయండి."

అతని గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

దిద్ది, ప్లగిన్‌ను మళ్లీ ఎక్కించేసరికి నాలుగు దాటి మూడు నిమిషాలు. తలుపు తెరుచుకున్నది. బయట మైదానం ఖాళీగా ఉంది.

"పరుగెత్తితే అందుకోగలవా?"

"వాళ్లు గుర్రాల మీద పోయారు. నేను నడిచిపోతాను."

"ఎంత దూరమని?"

"ఎంతైతేనేం? ఈ నాలుగు గోడలు కాదుగా. మీరు మాత్రం ఇంకేమీ రాయకండి, మీకు పుణ్యముంటుంది."

ప్లగిన్‌ను తొలగించి, ఆమె వీపు వెనుక దిండు సర్ది, పక్కన కూర్చున్నాను. దీపాలు వెలిగించే వేళకు కూడా ఆమె మొదటి కొండ ఎక్కుతూనే ఉన్నది.