పీత కాలూ, పెరుగన్నం, నేనూ

నేను ఒక బొమ్మని. అయితే నాతో ఆడుకునేది పిల్లలు కాదండోయ్, కుక్కలు. ఎర్రటి రబ్బరుతో చేశారు నన్ను. పెద్ద కుండ మీద చిన్న కుండ, దాని మీద బుల్లి కుండ పెట్టినట్టు ఉంటాను. లోపలంతా బోలు, అడుగున ఒక కన్నం. ఆ కన్నంలోంచి తిండి కూరి కుక్క ముందు పడేస్తే, అది నన్ను దొర్లించి, నాకి, కాళ్లతో అదిమిపట్టి, బుర్ర పెట్టి ఆ తిండిని బయటికి లాక్కోవాలి. కడుపూ నిండుతుంది, బుర్రకీ పని దొరుకుతుంది. ఇంత గొప్ప ఉద్యోగం మీలో ఎంతమందికి ఉందో చెప్పండి చూద్దాం!

పుట్టింది చెన్నై అవతల ఒక రబ్బరు ఫ్యాక్టరీలో. వేడి అచ్చులోంచి నన్ను ఊడబెరికిన ఆవిడ, ఎలా ఎగురుతానో చూద్దామని గోడకేసి కొట్టింది. నేను వెళ్లి ఆవిడ సాంబారు క్యారేజీ మీద పడ్డాను. తిడుతుందనుకున్నాను గానీ, నవ్వుతూ తుడిచి అట్టపెట్టెలో వేసింది. ఆ సాంబారు వాసన తగలగానే నాకు అర్థమైపోయింది, నా బతుకంతా తిండితోనే అని.

అక్కణ్ణుంచి కాకినాడలో ఫణీంద్ర గారి దుకాణానికి చేరాను. పెంపుడు జంతువులకు కావలసినవన్నీ అమ్ముతారాయన. అక్కడ కూర్చుని మనుషుల్ని చూడటం భలే సరదా. కుక్క కోసమని వచ్చి తమ సోఫా రంగుకి నప్పే బొమ్మ ఏరుకుంటారు! కాలేజీలో లెక్కలు చెప్పే హైమ గారూ తక్కువ తినలేదు. మొదటిసారి వచ్చి, చూడటానికి తెలివైనదిగా ఉందని తిండి దాచే చిన్న చిన్న సొరుగులున్న పలక ఒకటి కొనుక్కెళ్లారు. వాళ్ల కుక్క పకోడీ దాన్ని ఒక్క తాపుతో తిరగేసి సొరుగులు నమిలేసిందట. రెండోసారి ప్లాస్టిక్ బంతి. అది గచ్చు మీద దొర్లుతుంటే ఆ మోతకి కింది ఫ్లాటువాళ్లు పైకొచ్చి మొహం వాచేలా చీవాట్లు పెట్టారట. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో కళ లేదు.

"మేమిద్దరం తొమ్మిదింటికి ఉద్యోగాలకి వెళ్లిపోతామండి. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, దాన్ని తిప్పలేరు. ఊసుపోక తలుపులు కొరికేస్తోంది. ఆదివారం నాలుగింటికి రొయ్యల చెరువు కాపలాకి ఇచ్చేస్తానని మా ఆయన ఎవరికో మాటిచ్చేశారు. అక్కడ రోజంతా గొలుసు వేసి కట్టేస్తారంట" అంది హైమ.

ఫణీంద్ర గారు తాపీగా లేచారు. "అందం చూడకండమ్మా, దాని నోరు చూడండి. నోట్లో మొత్తం పట్టేసేది కొనకూడదు, మింగేస్తుంది. గోరుతో నొక్కితే కాస్తన్నా దిగాలండి, లేకపోతే పళ్లు విరుగుతాయి. గిన్నెలాగా కడుక్కునే వీలుండాలి. కాస్త ఆకలి మీదున్నప్పుడు ఇవ్వండి, చూసుకోండి."

హైమ అరలో ఉన్నవాటన్నిటినీ గోరుతో నొక్కుకుంటూ వచ్చింది. నా వంతు రాగానే ఊపిరి బిగబట్టాను. గోరు దిగింది. కన్నంలో వేలు పెట్టి చూసి, "ఇదివ్వండి" అంది. గెలిచాను! పకోడీ బతుకు నా చేతుల్లో ఉంది. చేతుల్లేవనుకోండి, అది వేరే సంగతి.

బుధవారం పొద్దున్న హైమ నాలో గింజల్లా ఉండే కుక్కల తిండి, ఉడికించిన క్యారెట్టు ముక్కలు నింపి, "పదింటికి దీనికి ఇవ్వండి అత్తయ్యగారూ, ఇంకేం పెట్టొద్దు" అని చెప్పి వెళ్లింది. అత్తగారు సీతారత్నం గారు తలూపారు. పదయింది. ఆవిడ ఏం చేశారో తెలుసా? పళ్లెం నిండా పెరుగన్నం కలిపి పకోడీకి పెట్టి, అది శుభ్రంగా నాకేశాక అప్పుడు నన్ను ముందుంచారు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. కుళాయి బాగుచేసే మనిషి వచ్చినా ముందు టిఫిను పెట్టి, ఆ తరవాతే పని చెబుతారు. ఆవిడ లెక్కలో నేను పకోడీకి అప్పజెప్పిన పనిని. కడుపు మాడ్చి పని చేయించడమేమిటని ఆవిడ బాధ.

పకోడీ నన్నొకసారి వాసన చూసి, తేన్చి, పడుకుంది. ఒంటిగంటకి లేచి మళ్లీ తలుపు పని పట్టింది. గురువారం ఇంతే, శుక్రవారం ఇంతే, శనివారమూ ఇంతే. నేను పొట్ట నిండా తిండి పెట్టుకుని ఆ మూల పడి ఉన్నాను. నాకు నోరుంటేనా! పళ్లెం కడిగి బోర్లించేశాక, సాయంత్రం వచ్చిన హైమకి సంగతి ఎలా తెలుస్తుంది? "ఇది కూడా పనికిరాలేదు" అంది నన్ను చూసి. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆదివారం వచ్చేసింది. పకోడీ గిన్నే, దుప్పటీ సంచిలో సర్దేసి గుమ్మం దగ్గర పెట్టారు. మధ్యాహ్నం పీతల పులుసు. హైమ భర్త శేషగిరి గబగబా తిని లేచిపోయాడు. సీతారత్నం గారికి ఉన్నవి నాలుగు పళ్లు. పీత కాలు పట్టుకుని అరగంట నుంచి చీకుతున్నారు.

"ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ, వలిచి పెడతాను" అంది హైమ.

"వలిచి చేతిలో పెట్టేస్తే ఇంక పీత తినడమెందుకే? కొరికి, చీకి, లోపల్ది లాక్కోవడంలోనే కదా ఉంది రుచంతా."

హైమ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అత్తగారి వంక చూసింది, మూలనున్న నా వంక చూసింది. "పకోడీకి కూడా అంతేనండి. ఆ బొమ్మ దాని పీత కాలు" అంది నెమ్మదిగా.

సీతారత్నం గారు పీత కాలు కంచంలో పెట్టేశారు. "నేను రోజూ ముందు పెరుగన్నం పెట్టేస్తున్నానే. ఇవాళ పొద్దున్నా పెట్టాను. పస్తులుంచి ఆడిస్తున్నారనుకున్నాను" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆవిడకి.

మూడున్నరకి ఆవిడే నన్ను కడిగి, ఉప్పు లేని పెరుగన్నం మెత్తగా కలిపి కూరి, పకోడీ ముందు పెట్టారు. పొద్దుటి పెరుగన్నం ఎప్పుడో అరిగిపోయింది. అబ్బ, ఆ తరవాత జరిగింది చూడాలి! నన్ను దొర్లించింది, వెంటపడింది, సోఫా కాలికి ఆనించి అదిమిపట్టింది, నాలుక లోపలికి పెట్టి గిలిగింతలు పెట్టేసింది. ఒక్కో మెతుకు బయటికొస్తుంటే దాని తోక ఆగదు, నా సంబరం ఆగదు. దీనికోసమే కదా నేను పుట్టింది!

నాలుగింటికి రొయ్యల చెరువు సత్తిరాజు గొలుసు పట్టుకుని వచ్చాడు. పిలిచాడు, చిటికె వేశాడు, గొలుసు ఆడించాడు. పకోడీ తలెత్తలేదు. దాని ముక్కు నా కన్నంలో ఉంది.

సత్తిరాజు శేషగిరి వైపు తిరిగాడు. "కొత్త మనిషి ఇంట్లోకొచ్చి నిలబడితే తలెత్తి చూడలేదండి. కాపలాకి ఇదేం పనికొస్తుందండి, మీరే ఉంచుకోండి" అని, ఇచ్చిన టీ తాగేసి వెళ్లిపోయాడు.

శేషగిరి తల్లి వైపు, పెళ్లాం వైపు చూశాడు. తరవాత తనే వెళ్లి గుమ్మం దగ్గర సంచి విప్పి, దుప్పటి తెచ్చి పరిచాడు. పకోడీ నన్ను నోట కరుచుకుని దాని మీదికెక్కి, ఆఖరి మెతుకు లాక్కుని, నా మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. నిద్ర లేచాక కూడా తలుపు జోలికి వెళ్లలేదు.

ఇప్పుడు రోజూ పదింటికి సీతారత్నం గారు పీట వేసుకుని, నన్ను ఒళ్లో పెట్టుకుంటారు. నిన్నయితే వేలితో అన్నం కూరి, నొక్కి, ఇంకా నొక్కి, కోడలికి ఫోన్లో చెప్పారు: "మొన్న పది నిమిషాల్లో లాగేసిందే. ఇవాళ ఎలా లాగుతుందో చూస్తాను."

కూరండి సీతారత్నం గారూ, ఇంకా కూరండి.