అలోహి స్నానం నీళ్ళు

2009 మార్చి పదకొండు, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఫిలొమీనా పంపిన చిక్కుడు గింజల సూపు, దాంతోపాటు ఒక తియ్య రొట్టె. సూపులో సాసేజ్ ముక్కలు మామూలు కంటే ఎక్కువ పడ్డాయి. అలా పడ్డాయంటే ఆవిడకి నాతో ఏదో పని ఉందన్నమాట. ముప్పయ్యేళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో ఉంటున్నాం, ఆ మాత్రం తెలుసు.

గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. దక్షిణం నుంచి వీచే కోన గాలి మొదలై మూడు వారాలు దాటింది. ఆ గాలి వీచినన్నాళ్ళూ కిలౌయా అగ్నిపర్వతం వదిలే పొగంతా హిలో ఊరి పైనున్న మా కొండవాలు మీదికే వస్తుంది. మేము దాన్ని వోగ్ అంటాం. ఎదురింటి కప్పు కూడా పాలు కలిపిన నీళ్ళలోంచి చూసినట్టు కనిపిస్తోంది. వోగ్ దిగిందంటే మా ఊళ్ళో ఎవరిదీ ఏ తప్పూ ఉండదు. ట్రక్కు స్టార్ట్ కాకపోయినా వోగ్, కోడిపందెం ఓడిపోయినా వోగ్, భార్య చెప్పింది మర్చిపోయినా వోగే.

ఫిలొమీనా కోడలు కనోయ్ తలుపు సందు చేసి నన్ను లోపలికి లాగి, వెంటనే మూసేసింది. కిటికీల గాజు పలకల మధ్య సందులన్నిటికీ టేపు అంటించి ఉంది. ఫ్యాను ముందు వంటసోడా నీళ్ళలో ముంచిన పల్చటి గుడ్డ వేలాడుతోంది. ఆ గుడ్డ కట్టడం ఫిలొమీనాకి నేర్పింది మా ఆవిడ హిసయే.

"అంకుల్, మీరైనా చెప్పండి. ఇంకో చుట్టు టేపు వేశారంటే మేం డబ్బాలో చేపలమే" అంది కనోయ్.

"చేపలకి ఒళ్ళు పేలదుగా! వెయ్యనీ" అని వంటింట్లోంచి ఫిలొమీనా కేకేసింది.

శనివారం కనోయ్ కూతురు అలోహికి ఏడాది నిండుతుంది. మా దగ్గర మొదటి పుట్టినరోజు పెళ్ళితో సమానం. కనోయ్ వాళ్ళవాళ్ళు మౌయీ, మోలోకాయ్ దీవుల నుంచి టికెట్లు కొనుక్కున్నారు. ఫిలొమీనా కొడుకు లైనెల్ పందిని కాల్చడానికి వెనక పెరట్లో గొయ్యి తవ్వుతున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల మెడలో ఓ దండ వేస్తారు, ముద్దు పెట్టుకుంటారు, ఒడిలోకి తీసుకుంటారు. అక్కడే వచ్చింది చిక్కు. పిల్లది మొదటినుంచీ సున్నితమైన చర్మం. ఈ వారంలో పొట్టా, వీపూ, మోకాళ్ళ వెనకా ఎర్రగా పేలి, రాత్రుళ్ళు గోక్కుని ఏడుస్తోంది.

"క్లినిక్‌లో ఏమన్నారు?" అని అడిగాను.

"మందంగా లేపనం రాయమన్నారు. చిరాకు పెట్టేది ఏదీ ఒంటికి తగలనివ్వద్దన్నారు. తగలనిచ్చేందుకు ఇంకేం మిగిలింది అంకుల్? బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాం. పిల్లని గడప దాటించి వారమైంది" అంటూ కనోయ్ పిల్లని నా ఒళ్ళో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "శుక్రవారానికి తగ్గకపోతే అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. పిల్లని ఈ ఒంటితో మూడొందల మంది చేతుల్లో పెట్టలేను. అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఏడాదిగా ఈ ఒక్క రోజు కోసమే ఎదురు చూస్తున్నారు" అంది.

సాసేజ్ ముక్కల వెనకున్నది పిల్ల ఒంటి సంగతన్నమాట.

అలోహి నా కళ్ళజోడు లాగి నోట్లో పెట్టుకుంది. కళ్ళజోడు లేకపోతే నాకు దగ్గరివి మాత్రమే బాగా కనిపిస్తాయి. పిల్ల మొహం జానెడు దూరంలో ఉంది. బుగ్గలు ఎంత నున్నగా ఉన్నాయో! ఒక్క పొక్కు లేదు. చొక్కా ఎత్తి చూస్తే పొట్టంతా ఎర్రగా ఉంది.

గాలి వల్లే అయితే ముందు పేలాల్సింది మొహం కదా అనిపించింది.

"మొహం దేంతో తుడుస్తున్నావమ్మా?"

"తాగే నీళ్ళతో అంకుల్, హైవే కొళాయి నుంచి తెచ్చుకున్నవి. కళ్ళలోకి పోతాయని దూదితో తుడుస్తాను."

"మరి స్నానం?"

"స్నానం నా డిపార్ట్‌మెంట్" అంటూ ఫిలొమీనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పోయిన గురువారం వాన పడింది చూడు, తొలి వాన! ఆ నీళ్ళు రెండు తొట్ల నిండా పట్టాను. క్లోరిన్ లేదు, ఏమీ లేదు. ఆకాశం నుంచి నేరుగా నా మనవరాలి ఒంటి మీదికి. రోజూ రెండు పూటలా పోస్తున్నాను. ఏమే, మీ వోవో, ఈ నాయనమ్మ పోస్తే ఏడుస్తావా నువ్వు? ఏడవవుగా?"

అలోహి కళ్ళజోడు తీసి నవ్వింది.

మా వీధిలో అందరివీ వాన నీళ్ళ టాంకులే. వోగ్ పట్టిన రోజుల్లో కప్పు మీంచి టాంకులోకి దిగే గొట్టం తప్పించేసి, తొలి వానని నేల పాలు చేస్తాం. కప్పు మీద పేరుకున్నదంతా ఆ వానలో కడుక్కుపోవాలి. ఆ సంగతి ఫిలొమీనాకి నాకంటే బాగా తెలుసు. కానీ అదంతా టాంకులోకి దిగే నీళ్ళ జాగ్రత్త. విడిగా పట్టే స్నానం నీళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టాంకులోకి పోనివ్వని నీళ్ళని వృథా చెయ్యడమెందుకని తొట్లలో పట్టింది.

కిటికీల దగ్గర ఆపిన వోగ్‌ని మేమే బకెట్లతో లోపలికి మోసుకొస్తున్నామన్నమాట.

చెప్పడానికి నోరు రాలేదు. హిసయే మంచం పట్టినప్పుడు ఒకరోజు విడిచి ఒకరోజు వచ్చి తలస్నానం చేయించింది ఈ చేతులే. వేణ్ణీళ్ళు మోచేత్తో చూసుకుని మరీ పోసేది. ఆ మనిషితో, నువ్వు పోసిన నీళ్ళకే పిల్ల ఒళ్ళు పేలిందని ఎలా అనడం?

"ఫిలొమీనా, నా టాంకు కోసం తెచ్చిన పరీక్ష కాగితాలు కొన్ని మిగిలాయి. నీ తొట్టిలో ఒకటి ముంచి చూద్దామా?" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే."

"తడాషీ, కాలేజీలో చదివినవాళ్ళు ఊరికే ఏదీ చెయ్యరు. నా నీళ్ళకేమొచ్చింది?"

"పుల్లగా ఉన్నాయేమోనని."

"పుల్లగానా? నీ మొహం!" అంది. అయినా తొట్టి దగ్గరికి తనే ముందు నడిచింది.

కాగితం పసుపు రంగుకి తిరిగింది. డబ్బా మీది రంగుల పట్టీలో ఆ పసుపు పులుపు వైపు చిట్టచివర ఉంది. ఫిలొమీనా దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ఇంకోటి అడిగి తీసుకుని, తన చేత్తో ముంచింది. అదీ పసుపే.

"రోజూ రెండు పూటలా" అంది నెమ్మదిగా. తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వెనకాలే వచ్చిన కనోయ్ తొట్టిని ఒక్క తోపుతో గడ్డిలోకి ఒంపేసింది. "సాయంత్రం స్నానానికి కొళాయి నీళ్ళు కాచి పెడతాను, త్వరగా రండి అత్తయ్యా" అంది.

"నేనా?"

"మరి నేనా? నేను పోస్తే వీధంతా వినబడేలా ఏడుస్తుంది మీ మనవరాలు."

ఫిలొమీనా ముక్కు చీది, "నువ్వు మరీ చల్లగా పోస్తావు, అందుకే" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

హైవే పక్కనున్న ఊరుమ్మడి కొళాయి దగ్గర ఆ పూట పెద్ద వరస ఉంది. ఫిలొమీనా, నేను, ఆరు క్యాన్లు. చిన్నపిల్ల స్నానానికని తెలియగానే ముందున్న ఒకాయన పక్కకి జరిగాడు. ఆయన్ని చూసి ఆయన ముందువాళ్ళూ జరిగారు. జరిగిన ప్రతివాళ్ళూ ఒక వైద్యం చెప్పారు. కుకుయి గింజల నూనె అన్నారొకరు, కలబంద అన్నారు ఇంకొకరు. ఒకావిడ ఊరబెట్టిన నోని పండు పేరెత్తింది.

"నా మనవరాలు పచ్చడి కాదు!" అంది ఫిలొమీనా. వరసంతా నవ్వింది.

శుక్రవారం సాయంత్రానికి పొట్ట మీద ఎరుపు గులాబీ రంగులోకి దిగింది. పిల్ల రాత్రంతా కదలకుండా పడుకుంది. కనోయ్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

శనివారం నాటికీ గాలి మారలేదు. విందు పెరట్లో కాకుండా ఊరి హాల్లో పెట్టుకున్నాం. ఆరు ఫ్యాన్లకీ సోడా గుడ్డలు కట్టాం. మోకాళ్ళ వెనక ఇంకా కాస్త మిగిలి ఉందని కనోయ్ పిల్లకి లేపనం రాసి, మెత్తటి నూలు గౌను వేసింది. దండలన్నీ పిల్ల కుర్చీకి వేయించింది. చివరికి కుర్చీ కనిపించకుండా పోయింది.

గుమ్మం దగ్గర ఫిలొమీనా, చేతిలో తడి తువ్వాలు. వచ్చినవాళ్ళ మొహాలూ చేతులూ తుడిచి లోపలికి పంపుతోంది.

"సెంటు కొట్టుకున్నావా? కడుక్కుని రా."

"అత్తా, నేను మౌయీ నుంచి వచ్చాను!"

"మౌయీలో నీళ్ళు లేవా? కడుక్కో. గడ్డం ఉన్నవాళ్ళు అరికాలికి ముద్దు పెట్టుకోండి, బుగ్గకి వద్దు!"

గడ్డాలవాళ్ళు వరసకట్టి పిల్ల పాదాలకి ముద్దులు పెట్టారు. చక్కిలిగింతలకి అలోహి కిలకిలమంది. ఆ నవ్వు కోసం గడ్డం లేనివాళ్ళు కూడా ఆ వరసలోనే నిలబడ్డారు. నా వంతు వచ్చినప్పుడు ఫిలొమీనా నన్ను తుడవలేదు. నా పళ్ళెంలో ఇంకో పంది ముక్క వేసి పంపింది.

పొద్దు వాలాక, మిగిలిన అన్నం గిన్నెలు వాళ్ళింటికి చేర్చడానికి వెళ్ళాను. స్నానాలగదిలోంచి గోరువెచ్చటి నీళ్ళ చప్పుడు, ఫిలొమీనా కూనిరాగం వినిపించాయి. ఏడుపు లేదు. కాసేపటికి పిల్ల తువ్వాల్లోనే నిద్రపోయింది. నడుం పట్టేసిన ఫిలొమీనా పక్కనే కుర్చీలో కునుకు తీస్తోంది. కనోయ్ పెదవుల మీద వేలు పెట్టి నన్ను గుమ్మం దాకా సాగనంపి, వోగ్ లోపలికి రాకుండా, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.