ఎడమవైపు బంతి

1956లో ఆళ్లగడ్డలో నా పెళ్లయింది. మరునాడు పూలబంతులాట. మేనత్త రామసుబ్బమ్మ కనకాంబరాలతో బంతి గట్టిగా కట్టి, మమ్మల్ని ఎదురెదురు పీటల మీద కూర్చోబెట్టింది.

కాలేజీలో త్రోబాల్ ఆడినదాన్ని, నా గురి తప్పదు. తన కుడివైపు వేస్తే పెళ్లికొడుకు పట్టుకున్నారు. ఎడమవైపు వేసిన మూడూ చెంపకు తగిలి పడ్డాయి. బంతి మీదికొస్తున్నా ఎడమ కన్ను రెప్పైనా వేయలేదు.

"ఏందప్పా, పెండ్లాం మొగం చూస్తా బంతిని మర్చిపోతివా?" అంది అత్త. అందరూ నవ్వారు.

ఆ కంటికి చూపు లేదని నాకు అర్థమైంది. పెళ్లిచూపుల్లో నాయన ఆయన చేత పేపరు చదివించాడు, వీధి చివరిదాకా నడిపించాడు. బంతి వేసి చూడాలని ఎవరికి తోస్తుంది?

"ఇంగొగటి ఎయ్యి, ఎడమపక్కకే," అంది అత్త. ఆమె వెనక నాయన మురిసిపోతూ నిలబడి ఉన్నాడు.

నేను కుడివైపే వేశాను. ఆ తర్వాతవన్నీ కుడివైపే.

"చూడు, నేర్చుకున్న్యాడు," అని ముచ్చటపడ్డారు ఆడవాళ్లు.

ఆట ముగిశాక బంతి నా చేతికిస్తూ ఆయన గొంతు తగ్గించి, "బళ్లో క్రికెట్ బంతి తగిలింది. మీ నాయనకు చెప్పల్లనుకుంటి. మావోళ్లు వద్దనిరి," అన్నారు.

"ఇంగ చెప్పొద్దు," అన్నాను.

అప్పగింతల్లో నా ఏడుపు ఆగలేదు.

"నంద్యాల యాడుందని ఏడుస్తాండావ్? పాతిక మైళ్లే కదమ్మా," అన్నాడు నాయన.

బస్సులో నన్ను ఆయనకు ఎడమపక్కన కూర్చోబెట్టారు. భార్య చోటు అదేనట. నంద్యాల దాకా ఏడ్చాను. ఆయనకు కనపడలేదు.